ధర పెంచే జీవోలో సినిమాను కాపాడే షరతూ ఉండాలి

సంపాదకులకు,

భారీ సినిమాలకు టికెట్ ధర పెంచుకునేందుకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవోలు ఇవ్వడం ఆనవాయితీ అయింది. తెలంగాణలో 2024 జూలైలో ‘భారతీయుడు 2’కు వారం రోజుల పెంపు దక్కితే, డిసెంబరులో ‘పుష్ప 2’ ప్రీమియర్లకు మామూలు ధరపై మరో 800 రూపాయలు వసూలు చేసుకునే వీలు కలిగింది. రెండూ పాత విజయాన్ని పెట్టుబడిగా పెట్టుకొని వచ్చిన సీక్వెల్సే. ఒకదాని పెట్టుబడి వయసు మూడేళ్లు, మరొకదానిది 28 ఏళ్లు. ఈ పెంపు సబబా కాదా అన్న వాదం హైకోర్టుల దాకా వెళ్లింది కనుక దాన్ని మళ్లీ తవ్వను. పాత సినిమా పేరుతో వచ్చే కొత్త సినిమాకు ఇంత వెసులుబాటు ఇస్తున్న ప్రభుత్వాలు, ఆ పాత సినిమా ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో ఒక్కసారైనా ఎందుకు అడగడం లేదన్నదే నా ప్రశ్న.

‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ 1990 మే 9న తుపాను వానల్లో విడుదలై, వానను కూడా లెక్కచేయని జనంతో ఆడిన సినిమా. దాన్ని 2025లో అదే తేదీన మళ్లీ విడుదల చేసేందుకు నిర్మాణ సంస్థ పూనుకుంటే నెగెటివ్ (ప్రింట్లన్నీ తీసే మూల ఫిల్ము) పనికొచ్చే స్థితిలో లేదని తేలింది. చాలా చోట్ల గాలించాక పాడైన ప్రింటు ఒకటి చేతికందింది, దాన్నే శుభ్రం చేయించి అధిక స్పష్టత గల 4కె డిజిటల్ రూపంలోకి తెచ్చారు. నేటికీ వరుసగా సినిమాలు తీస్తున్న సంస్థ కాబట్టి వెతికించగలిగింది, ఖర్చు భరించగలిగింది. మూతపడిన సంస్థల సంగతేమిటి? మన సినిమాలు దశాబ్దాలపాటు మద్రాసులోనే తయారయ్యాయి. నిర్మాత కాలం చేసి, వారసులు పట్టించుకోక, ఫిల్ము కడిగే ల్యాబులకే పని లేకుండా పోయాక, అక్కడ మిగిలిపోయిన డబ్బాల గురించి అడిగే దిక్కెవరు?

ఇది కేవలం పాతకాలపు అభిమానుల బెంగ కాదు. ఒక దర్శకుణ్ని సరిగా అంచనా వేయాలన్నా ఆయన పాత సినిమాలు మిగిలి ఉండాలి. ‘భారతీయుడు 2’, ఆ వెంటనే ‘గేమ్ ఛేంజర్’ నిరాశపరచిన తరువాత వాటి దర్శకుడు శంకర్ పని అయిపోయిందన్న మాట ఊరంతా వినిపించింది. రామ్‌గోపాల్ వర్మ గురించి ఆ మాట ఏళ్లుగా అంటూనే ఉన్నాం; 2007లో ‘షోలే’ను మళ్లీ తీయబోయి ఆయన చేతులు కాల్చుకున్న తీరు చూసినవారెవరూ ఆ మాటను తోసిపుచ్చలేరు కూడా. అయితే 2025 నవంబరులో ఆయన పాత సినిమా ‘శివ’ మళ్లీ విడుదలైనప్పుడు, 1989కి ఇంకా పుట్టని కుర్రవాళ్లకు ఆయన ఒకప్పుడేమిటో తమ కళ్లతో తేల్చుకునే అవకాశం దొరికింది. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి కూడా 1968లో ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’తో దెబ్బతిన్నారు. ఆ ఒక్కటే మిగిలి 1957 నాటి సినిమా మాయమై ఉంటే ఆయన గురించి మనం ఏమనుకునేవాళ్లం? చేయి తిరిగిన దర్శకుడికి ఎప్పుడో ఒకప్పుడు పట్టు సడలుతుంది, అందులో వింతేమీ లేదు. ఇక సినిమాలు మానుకోమని ఆయనకు చెప్పే పని నిర్మాతలదీ ప్రేక్షకులదీ, ప్రభుత్వానిది కాదు. రీమేకులు అసలు సినిమాను చెరిపేస్తాయన్న భయం కూడా నాకు లేదు. 2013లో రీమేకుగా వచ్చిన హిందీ ‘జంజీర్’ను ఈరోజు తలచుకునేవారు అరుదు, 1973 నాటిది నిలిచే ఉంది. అసలుకు ముప్పు అది పాడైపోవడంలోనే ఉంది.

కాబట్టి నా సూచన ఇది. టికెట్ ధర పెంపు కోరే ప్రతి సినిమా నిర్మాతా విడుదలైన ఆరు నెలల్లోగా దాని పూర్తి నాణ్యత గల మాస్టర్ ప్రతిని (మిగతా కాపీలన్నీ తీయగల మూల ప్రతిని) ప్రభుత్వం నిర్దేశించిన భాండాగారానికి అప్పగించాలనీ, అది సీక్వెలో రీమేకో అయి, మూల చిత్రం హక్కులు కూడా తన దగ్గరే ఉంటే దాని ప్రతినీ జతచేయాలనీ జీవోలో షరతు పెట్టాలి. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. జాతీయ అవార్డు పొందిన సినిమాల ప్రతులు 1964లో పుణేలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరేలా నిబంధన ఉంది. అవార్డు పొందిన సినిమాకు వర్తించే నియమం, ప్రజల జేబులోంచి అదనంగా తీసుకునే సినిమాకు వర్తిస్తే తప్పేమిటి?

డిజిటల్ వచ్చాక ఈ బెడద తీరిపోయిందనుకునేవారున్నారు. హార్డ్ డిస్కులు పాడవుతాయి, ఫార్మాట్లు మారతాయి. థియేటర్‌కు పంపే డిజిటల్ కాపీ తాళం వేసి, ఫలానా తేదీ వరకే తెరుచుకునేలా వస్తుంది కనుక అది భద్రపరచే ప్రతి కిందకు రాదు. ఓటీటీలో దొరుకుతోంది కదా అంటారు, ఒప్పందం ముగిసిన మరునాడు అక్కడా కనిపించదు.

చిన్న సినిమాలపై ఈ భారం పడదు, అవి ధర పెంపు కోరవు. పెద్ద సినిమాకు ఒక మాస్టర్ ప్రతి తీయించడానికయ్యే ఖర్చు దాని ప్రచార వ్యయంలో లెక్కలోకి రానంత. ఇక ప్రతులు తీసుకునే చోటు కావాలి: పుణేకు పంపినా మంచిదే, రెండు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలు కలిసి హైదరాబాద్‌లో చల్లటి గిడ్డంగి ఒకటి కట్టినా మంచిదే. తదుపరి పెంపు దరఖాస్తు అందినప్పుడే సినిమాటోగ్రఫీ మంత్రులిద్దరూ దీన్ని పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి