పాత నెగెటివ్‌ల స్కానింగులో మా పొరపాటు, మార్చిన పద్ధతి

తిరుపతిలోని మా స్టూడియోలో గత రెండు నెలల్లో పాత నెగెటివ్‌లు స్కాన్ చేయించుకున్న వారందరికీ ఒక సంగతి చెప్పవలసి ఉంది. మేము అందించిన బ్లాక్ అండ్ వైట్ ఫోటోలలో కొన్ని చెడిపోయాయి. తప్పు మాదే.

చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన పెళ్లి ఫోటోను తెర మీద పెద్దది చేయించుకుని, "నా ముక్కుపుడక ఏమైంది నాయనా?" అని అడిగేదాకా ఇది మా కంటబడలేదు. నెగెటివ్‌ను లైటు పెట్టె మీద ఉంచి భూతద్దంతో చూస్తే ముక్కుపుడకా, జడలోని మల్లెలూ స్పష్టంగా ఉన్నాయి. మా ఫైలులో మాత్రం మైనం పూసినట్టు అలుక్కుపోయాయి. అంతకుముందు కలర్ రోలుకు వాడిన ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) దుమ్ము తొలగింపును ఆపకుండానే పెద్దావిడ బ్లాక్ అండ్ వైట్ రోలును స్కాన్ చేశాం. కలర్ ఫిల్మ్‌లోని రంగుల గుండా ఇన్‌ఫ్రారెడ్ కాంతి దాటిపోతుంది, దుమ్మూ గీతలూ మాత్రమే అడ్డుపడతాయి కనుక సాఫ్ట్‌వేర్ వాటిని గుర్తుపట్టి పూడుస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో బొమ్మ వెండితో ఏర్పడుతుంది; ఆ వెండే కాంతికి అడ్డుపడటంతో బొమ్మనే దుమ్ముగా లెక్కగడుతుంది. తెల్లగా మెరిసే వాటి దగ్గరే నెగెటివ్‌లో వెండి దట్టంగా ఉంటుంది కాబట్టి దెబ్బ ముందుగా ముక్కుపుడకకూ మల్లెలకూ తగిలింది.

ఈ రెండు నెలలూ వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ అనే రెండు స్కానింగ్ సాఫ్ట్‌వేర్లను పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఫిల్మ్ పేరు తెలిసినప్పుడు సిల్వర్‌ఫాస్ట్‌లోని నెగాఫిక్స్ అనే ఫిల్మ్‌ల జాబితాలో దాన్ని ఎంచుకుంటే రంగులు త్వరగా కుదురుతాయి. అయితే దాని లైసెన్సు స్కానర్ మోడల్‌ను బట్టి ఉంటుంది. మాకు రెండు రకాల స్కానర్లున్నాయి. వ్యూస్కాన్‌కు ఒక్క లైసెన్సు చాలు, పైగా కలర్ నెగెటివ్ ఫిల్మ్ అడుగున ఉండే నారింజ రంగును రోలు మొదట్లో ఒకసారి కొలిచి స్థిరపరచవచ్చు. అలా స్థిరపరచకుండా ప్రతి ఫ్రేమునూ ఆటోమేటిక్‌కు వదిలేస్తే, పెళ్లికూతురిని చేసే ఫోటోలలో పసుపు ఎక్కువైందనుకుని సాఫ్ట్‌వేర్ తగ్గించేయడం, ముఖం పాలిపోయి ముదురు ఎరుపు అరక్కు చీర కాఫీపొడి రంగుకు తిరగడం మేమే చూశాం. మా పనికి వ్యూస్కానే సరిపడుతుందని నిర్ణయించుకున్నాం, దాని మెనూలు నాకు ఇప్పటికీ చిరాకు తెప్పిస్తున్నా సరే.

ఇకపై మార్పులేవీ చేయని ముడి స్కాన్‌ను కూడా దాచి ఉంచుతాం. 35 మి.మీ. ఫ్రేమును 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు), 48 బిట్ల రంగు వివరంతో తీస్తే ఒక్కోటి సుమారు 46 ఎంబీ, 36 ఫ్రేముల రోలు 1.6 జీబీ పైచిలుకు అవుతుంది. కావలసిన వారు పెన్‌డ్రైవ్ తెచ్చుకోవచ్చు.

పెద్దావిడ ఫోటో మళ్లీ చేసి ఇచ్చాం. మిగతా వారి బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లను కూడా ఉచితంగా తిరిగి స్కాన్ చేస్తాం. దుమ్మును బ్లోయరుతోనూ బ్రష్షుతోనూ చేత్తోనే తీయవలసి ఉన్నందున రోలుకు మూడు రోజులు పడుతుంది. దయచేసి ఇంట్లో గుడ్డతో తుడవకుండా, ఉన్న కవరుతోనే తీసుకురండి.