క్యాలెండర్‌లో చుక్కలు

ఒరేయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి కాస్త కోపంగా, మూడోసారి మా ఆవిడకి వినిపిస్తూ. (కంగారు పడకు, మధ్యలో ఆ పేరా ఒకటి మింగేశాను.) నాలుగు పేజీలు రాసి చివర్లో ఒక్క ముక్క అడిగావు: "విడిపోయిన ఏడాదికి తను తిరిగొచ్చి మారానంటోంది. మనుషులు నిజంగా మారతారంటావా?" నువ్వేమో అవునో కాదో తేల్చి చెప్పమంటావు. ఒక్క మాటలో తేల్చడం నాకెప్పుడు చేతనైంది గనక!

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మన పెద్దవాళ్లు ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు. వాళ్లే కాదు, విలియం జేమ్స్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త 1890లో ఇంచుమించు అదే రాశాడు. ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి చాలామంది స్వభావం గచ్చులా గట్టిపడిపోతుందట, ఇక మెత్తబడదట. పైగా అలా గట్టిపడటం లోకానికి మంచిదేనట! మనిద్దరికీ ముప్ఫై దాటి చాలా కాలమైంది కాబట్టి, ఆయన లెక్కన ఈ ఉత్తరం ఇక్కడే ఆపేయొచ్చు. కానీ మా ఇంట్లో ఒక పాత క్యాలెండర్ ఉంది. దాని సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. సిగ్గేసి.

నా అలక నీకు కొత్త కాదు. నన్ను మౌనముని అని పేరు పెట్టి ఏడిపించిందే నువ్వు. నీతో అలిగితే ఒక పూట, ఇంట్లో అలిగితే రోజులకి రోజులు. అరవను, తిట్టను, వస్తువులు విసరను. అందుకే నేను చాలా మంచివాణ్ణని నా నమ్మకం. మాట్లాడనంతే. "ఏమైంది?" అంటే "ఏం లేదు" అంటాను. ఆ "ఏం లేదు" అనడంలో ఎంత దెబ్బ కొట్టొచ్చో నాకు బాగా తెలుసు, తెలియనట్టు నటించేవాణ్ణి.

ఒకరోజు ఏదో తారీఖు చూసుకుందామని తలుపు వెనక క్యాలెండర్ దగ్గరికెళ్లాను. కొన్ని అంకెల కింద పెన్సిల్‌తో పెట్టిన చిన్న చిన్న చుక్కలు కనిపించాయి. మా ఆవిడ ఏదో లెక్క రాసుకుంటోంది కాబోలనుకున్నాను. జనవరిలో నాలుగు. ఫిబ్రవరిలో వరసగా తొమ్మిది. మార్చిలో ఒక చోట పెట్టిన చుక్కని రబ్బరుతో చెరిపి, మళ్లీ అదే చోట పెట్టినట్టుంది, కాగితం అక్కడ కాస్త లేచిపోయింది. ఏమిటివని అడిగాను. తను బట్టలు మడత పెడుతోంది. తలెత్తకుండానే, "నువ్వు నాతో మాట్లాడని రోజులు" అంది.

ఎనిమిది నెలల్లో యాభై మూడు.

గొడవ పెట్టుకుని ఉంటే నేను గెలిచేవాణ్ణిరా. చుక్కలతో ఎవడు వాదిస్తాడు? ఆ చెరిపి పెట్టిన చుక్క మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఆ పొద్దున నేను ఏదో ఒక మాట అని ఉంటాను, అలక తీరిందనుకుని చెరిపేసి ఉంటుంది. సాయంత్రానికి మళ్లీ మామూలే.

ఆ రాత్రి "ఇక మారిపోతాను, చూడు" అన్నాను, పెద్ద సినిమా హీరోలా. తను "సరే" అని లైటు తీసేసింది. పన్నెండు రోజులు బాగానే గడిచాయి. పదమూడో రోజు ఏదో మాటా మాటా వచ్చింది, వరసగా మూడు చుక్కలు పడ్డాయి. నా ప్రతిజ్ఞ ఖరీదు అంతే అన్నమాట.

తప్పు చేసినవాడు పుస్తకాల మీద పడతాడని నీకు తెలుసుగా, నేనూ పడ్డాను. ప్రొచాస్కా, డిక్లెమెంటె అని ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1983లో, సిగరెట్లు మానే ప్రయత్నంలో ఉన్నవాళ్లని గమనించి ఒక సంగతి చెప్పారు. మారడమంటే ఫలానా రాత్రి తీసుకునే నిర్ణయం కాదు, దానికి మెట్లున్నాయని. అసలు నాలో తప్పేముందనుకునే మెట్టు మొదటిది. ఎక్కుతూ జారడం, జారి మళ్లీ ఎక్కడం ఆ దారిలో మామూలేనట. చదివి ఎంత ఊరటపడ్డానో! వెంటనే వెళ్లి మా ఆవిడకి చెప్పాను, జారడం సహజమేనట అని. "జారేది నువ్వు, దెబ్బ తగిలేది నాకు" అంది. ఇక ఆ పుస్తకం ఆవిడ దగ్గర ఎత్తలేదు.

చివరికి ఇద్దరం ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. అక్కడ విన్న సంగతి ఇది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే ఆయన దంపతుల ఒంటికి పరికరాలు తగిలించి, వాళ్లు గొడవ పడుతుంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో కొలిచాడట. మాటలు ఆపేసి రాతిగోడలా కూర్చునేవాళ్లు పైకి చల్లగా కనిపిస్తారు గానీ లోపల గుండె దడదడలాడుతుంటుందట. నిమిషానికి 100 దాటిందంటే ఎదుటివాళ్లు ఏం చెప్పినా బుర్రకెక్కదు. కనీసం 20 నిమిషాలు పక్కకెళ్లి రావాలంటాడాయన. నేను బండరాయిననే అనుకున్నాను ఇన్నాళ్లూ, భయపడుతున్నానని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నాలో మారిందేమిటో ఉన్నదున్నట్టు చెబుతాను విను. కోపం మారలేదు. ఇప్పటికీ మాట పడితే గొంతు దగ్గర ఏదో బిగుసుకుంటుంది, ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లేముందు ఒక్క మాట చెప్పడం నేర్చుకున్నాను: "ఇప్పుడు మాట్లాడలేను, అరగంటలో వస్తాను." అన్నాక అరగంటలో రావడం నేర్చుకున్నాను. మొదటిది తేలిక. రెండోదే ప్రాణం తీస్తుంది. గది బయట నిలబడి, తలుపు గడియ మీద చెయ్యి వేసి, "ఇంకో పది నిమిషాలు ఆగితే ఏం?" అని ఎన్నిసార్లు అనుకున్నానో. జేమ్స్‌గారికి జవాబు కూడా దొరికింది తర్వాత. 2017లో 207 అధ్యయనాలని కలిపి చూస్తే, చికిత్సలూ కౌన్సెలింగూ లాంటివాటితో స్వభావం ఎంతో కొంత మారుతుందనే తేలింది. "ఎంతో కొంత" అనే మాట దగ్గర కాస్త ఆగు. కోతి సింహమవుతుందని ఎవరూ అనలేదు.

నిజంగా నీకు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తుంది. నేను అరగంటకి తిరిగొచ్చేసరికి తను గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. నిద్ర కాదు, నాకు తెలుసు. ఏళ్ల తరబడి నా మౌనంలో బతికి తనూ ఒక అలవాటు చేసుకుంది. నేను లేచి వెళ్లగానే మనసుకి గడియ పెట్టేసుకోవడం. నేను తలుపు తీసేసరికి లోపల గడియ పడి ఉండేది. నాకు ఒళ్లు మండేది. ఇంత కష్టపడి వచ్చానే, చూడదేం? మెచ్చుకోదేం? అంటే నాకు కావలసింది మార్పు కాదు, సర్టిఫికెట్టు. అది తెలిసిన రోజు చుక్కలు చూసిన రోజు కన్నా ఎక్కువ సిగ్గేసింది.

లండన్‌లో 96 మందితో ఒక పరిశోధన చేశారు, రోజూ చేసే చిన్న పని అలవాటుగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందో చూద్దామని. సగటున 66 రోజులు. కొందరికి 18 చాలాయి, కొందరి లెక్క 254 దాకా పోయింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదట. అవి నీళ్లు తాగడం, నడవడం లాంటి పనులురా. అలవాటైన భయం పోవడానికి ఎన్ని రోజులో ఎవరు లెక్క కడతారు? నేను కాస్త దారిలో పడటానికి ఏడాది పట్టింది. అది నమ్మడానికి మా ఆవిడకి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లు నేను విసుక్కోకుండా ఉండటమే అసలు పరీక్ష. రెండుసార్లు తప్పాను కూడా.

ఇప్పుడు నీ దగ్గరికొద్దాం. తను నీ ఫోన్ చూసేది, అరగంట ఆలస్యమైతే ఇరవై మెసేజీలు పెట్టేది, ఊపిరాడక విడిపోయావు. అంతా నిజం. నాలుగు పేజీల నిండా తన అనుమానం గురించే ఉంది. నీ అబద్ధాల గురించి ఒక్క లైనూ లేదేం? గొడవెందుకులే అని నువ్వు చెప్పే చిన్న చిన్న అబద్ధాలు నాకు తెలియవా? ఒకరోజు నాతో ఉన్నానని చెప్పి, ఆ సంగతి నాకే చెప్పలేదు. తను నాకు ఫోన్ చేస్తే నేను నీళ్లు నమిలాను. తనకి అనుమానం కాబట్టి నువ్వు దాచేవాడివి, నువ్వు దాచేవాడివి కాబట్టి తనకి అనుమానం. మారిందా లేదా అని తనొక్కదాన్నే తూకం వెయ్యకు. రెండో పళ్లెంలో నువ్వు కూర్చోవాలి.

చెయ్యి చేసుకోవడం, భయపెట్టడం లాంటివి మీ మధ్య లేవు కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఉంటే ఈ ఉత్తరమే వేరు, ఒక్క లైనులో అయిపోయేది.

ఇంకోటి. ఆ గాట్‌మనే అంటాడు, దంపతుల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తీరనివేనట. బాగున్న జంటలకీ అవే గొడవలు, ఏళ్ల తరబడి. కాబట్టి తనకి అనుమానమే రాకూడదని ఎదురుచూడకు, వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేస్తోందో చూడు. ఫోన్ లాక్కుంటోందా, "నాకు టెన్షన్‌గా ఉంది, ఒక్కసారి చెప్పు" అని అడుగుతోందా? పది రోజులు కాదు, కొన్ని నెలలు చూడు. మంచి మూడ్‌లో ఉన్నప్పుడు కాదు, ఇద్దరూ అలిసిపోయి ఉన్నప్పుడు చూడు. అడిగినప్పుడు నీ నోట్లోంచి మొదట వచ్చేది ఏమిటో అది కూడా చూసుకో.

మొన్న మా ఆవిడే అలిగి నాలుగు గంటలు మాట్లాడలేదు. నేను పెన్సిల్ పట్టుకుని కొత్త క్యాలెండర్ దగ్గరికెళ్లాను. చూసి నవ్వు ఆపుకోలేక, "నాలుగు గంటలకి చుక్క ఏమిటి, సగం పెట్టు" అంది. సగం చుక్క ఎలా పెట్టాలో తెలియక చిన్న సున్నా చుట్టాను.

నన్ను అడ్డం పెట్టుకున్న ఆ రోజు అసలెక్కడున్నావో తనకి చెప్పావా? ముందు అది రాయి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మౌనముని