పిల్లల మెనూను తూకం వేసేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వంటి పట్టణాల్లోనూ, విజయవాడ, బెంగళూరు వెళ్లే జాతీయ రహదారుల పక్కనా కొత్తగా వెలుస్తున్న రెస్టారెంట్ల మెనూ కార్డుల్లో పిల్లల కోసం ఒక పేజీ ప్రత్యేకంగా కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ పేజీలోని తిండి పిల్లల ఒంటికి ఎంతవరకు మంచిదో చూసే పని మాత్రం ఎవరి బాధ్యతలోనూ లేదు. ఆ లోటును మీ పత్రిక ద్వారా జిల్లా అధికారుల దృష్టికి తేవాలన్నదే ఈ లేఖ ఉద్దేశం.

నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి, కొన్నేళ్లపాటు మధ్యాహ్న భోజనం లెక్కలు చూసి రిటైరైన ఉపాధ్యాయుణ్ని. ఆ పథకంలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఒక్కో విద్యార్థికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె చొప్పున లెక్కగట్టి, పూటకు 450 కిలో కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిర్ణయించారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వారికి అవి 700 కిలో కేలరీలు, 20 గ్రాములు. వడ్డించే ముందు ఉపాధ్యాయుల్లో ఒకరు రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. పప్పు నీళ్లలా ఉందని ఊళ్లో ఒక్కరు అన్నా మరునాటికి మండల విద్యాధికారి గారి నుంచి ఫోన్ వచ్చేది. ఆ పథకం అన్నిచోట్లా సవ్యంగా నడుస్తోందని నేను అనను. కానీ పిల్లవాడి కంచానికి ఒక కొలత అంటూ ఉంది, అది తప్పితే అడిగేవారున్నారు. అదే పిల్లవాడు ఆదివారం తల్లిదండ్రులతో పట్నం వచ్చి వందల రూపాయలు పోసి తినే ప్లేటుకు ఆపాటి లెక్క కూడా లేకపోవడం వింతగా ఉంది.

ఈ మధ్య మనవళ్లతో వెళ్లిన ఒక రెస్టారెంటులో పిల్లల పేజీని మొదటి నుంచి చివరి దాకా చదివాను. చుట్టూ బొమ్మలు, రంగురంగుల అక్షరాలు. ఫ్రెంచ్ ఫ్రైస్, ఆలూ స్మైలీలు, చికెన్ నగ్గెట్లు, వెన్న వేసిన నూడుల్స్, చిన్న పిజ్జా, చాక్లెట్ షేక్. కాంబో పేరుతో ఏది తీసుకున్నా దాంతోపాటు ఒక కూల్‌డ్రింక్. ఆ పేజీ మొత్తం మీద కూరగాయ అంటే బంగాళాదుంప ఒక్కటే, అదీ నూనెలో వేగినదే. పండు లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. విచిత్రమేమంటే రెండు పేజీలు వెనక్కి తిప్పితే అదే వంటింట్లో వండే ఇడ్లీ సాంబారు, పప్పు, పెరుగన్నం, తందూరీ రొట్టె, పాలకూర పనీర్ అన్నీ ఉన్నాయి. అంటే ఆ హోటలుకు మంచి తిండి వండడం చేతకాక కాదు. దాన్ని పెద్దల ఖాతాలో వేసి, పిల్లల ఖాతాలో వేపుళ్లు రాసింది.

ఇక లెక్క చూద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం 4–6 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,360 కిలో కేలరీలు, 7–9 ఏళ్ల వారికి 1,700 కిలో కేలరీలు అవసరం. చిన్నవాళ్ల అవసరంలో మూడో వంతు, అంటే ఒక పూట వాటా, దాదాపు 450. మన బడి భోజనానికి పెట్టిన అంకె కూడా అదే. 100 గ్రాముల ఫ్రెంచ్ ఫ్రైస్‌తో సుమారు 300 కిలో కేలరీలు, 250 మిల్లీలీటర్ల కోలాతో మరో వంద వస్తాయి. పూట వాటా దాదాపు అక్కడితోనే తీరిపోయింది, మాంసకృత్తులు మాత్రం మూడు నాలుగు గ్రాములు దాటలేదు. ఆ కోలాలో చక్కెర 25 గ్రాములకు తగ్గదు. అదనపు చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపైతే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయిదేళ్ల పిల్లకు ఆ 5 శాతం అంటే 17 గ్రాములే. ఉప్పు సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే అది ఎంత పడిందో మెనూలో కనిపించదు, నాలుకకూ సరిగా తెలియదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. పిల్లల తిండిలో కేలరీలు తగ్గిస్తే చాలు అనే వాదన మన ప్రాంతానికి సరిపోదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో మూడో వంతు మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు, ఆరు నెలలు దాటిన ఆ వయసు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సమయంలో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు గలవారు 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగారు. కాబట్టి కడుపు నిండిందా లేదా అన్నదానితో ఆగకుండా, ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు ఉన్నాయా అని చూడాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే బాధను తరాలుగా చూసిన జిల్లా మనది. పిల్లల ఎముకలకు కాల్షియం విలువ మర్రిగూడ వైపు తల్లులకు ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లల పేజీలో ఒక గ్లాసు మజ్జిగకు, ఒక తైద (రాగి) రొట్టెకు చోటు లేకపోవడం అందుకే నాకు మరింత కష్టంగా తోచింది.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. పది లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్లు, కేంద్ర లైసెన్సు గల హోటళ్లు మెనూలో ప్రతి పదార్థం పక్కన కేలరీలు రాయాలని ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. మన పట్టణాల్లోని సొంత హోటళ్లలో చాలావాటికి ఇది వర్తించదు. వర్తించిన చోట కూడా, చురుకైన సగటు వయోజనుడికి రోజుకు 2,000 కిలో కేలరీలు కావాలనే వాక్యం కింద రాస్తారు; ఆరేళ్ల పిల్ల తల్లికి అది దారి చూపకపోగా దారి తప్పిస్తుంది. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు అమ్మరాదనే నిబంధన ఉంది; 51వ మీటరులో ఉన్న హోటలుకు ఆ నియమం వర్తించదు. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు చివర్లో మన ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. మనుషులు ఆసుపత్రి పాలైతే కదిలే యంత్రాంగం, ఏళ్ల తరబడి మెల్లగా జరిగే నష్టానికి కదలడం లేదు.

అమెరికాలో పిల్లల మెనూలకు మార్కులు వేయడానికి పరిశోధకులు ప్రత్యేకంగా ప్రశ్నపత్రాలే తయారు చేశారు. అడగకుండా ఇచ్చే పానీయం ఏది, వేపుడు కాని పదార్థాలు ఎన్ని, పండ్లు, కూరగాయలు ఉన్నాయా, బొమ్మలు ఎరగా పెడుతున్నారా వంటివి అందులో చూస్తారు. కాలిఫోర్నియాలో 2019 నుంచి పిల్లల భోజనంతోపాటు ఇచ్చే పానీయం నీళ్లో పాలో అయి ఉండాలి. కూల్‌డ్రింక్ కావాలంటే తల్లిదండ్రులు నోరు తెరిచి అడగాలి. అమ్మకాన్ని నిషేధించకుండానే అలవాటును మార్చే ఈ పద్ధతి నాకు నచ్చింది. బత్తాయికి పేరుపడ్డ నల్లగొండలో ఆ కాంబోలోని సీసా స్థానంలో చక్కెర కలపని బత్తాయి రసమో, అంతకంటే మేలుగా ఒలిచిన బత్తాయి తొనలో ఎందుకు ఉండకూడదు? బాలానగర్ సీతాఫలానికి దేశమంతటా పేరుంది. మహబూబ్‌నగర్ హోటళ్లలో పిల్లలకు అది ఐస్‌క్రీం రూపంలో తప్ప దొరకదు.

పిల్లలు అడిగిందే పెడుతున్నామని, ఎప్పుడో ఒకసారి తింటే ఏమవుతుందని హోటల్ యజమానులు అంటారు. ఎప్పుడో ఒకసారి అన్నది నిజమే అయితే నేనీ లేఖ రాయను. పుట్టినరోజులు, పెళ్లిళ్ల బట్టల కొనుగోళ్లు, ఆదివారాలు, హైదరాబాద్ ప్రయాణాలు కలిస్తే పట్టణ మధ్యతరగతి పిల్లలకు బయటి తిండి ఇప్పుడు అరుదు కాదు. పైగా పిల్లవాడు అడిగేది ఆ పేజీలో బొమ్మ ఉన్నదాన్నే.

అందువల్ల జిల్లా ఆహార భద్రతా అధికారులు వంటింటి శుభ్రతను, మరిగించి మరిగించి వాడే నూనెను పరీక్షించే తనిఖీలోనే పిల్లల మెనూను కూడా చూసి నమోదు చేయాలని కోరుతున్నాను. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల విద్యార్థులను ఈ పనికి తోడు తీసుకోవచ్చు: ప్లేటు కొని, విడివిడిగా తూచి, బడి భోజనం కొలతతో పక్కపక్కన పెట్టి చూపడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఉప్పు, కొవ్వు పరీక్షలకు మాత్రం నమూనాలు పంపాలి. హోటల్ యజమానుల సంఘాలు తమంతట తాము చేయగలిగినది ఒకటుంది: పెద్దల పేజీలోని ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం, గుడ్డు కూరలను సగం ధరకు హాఫ్ ప్లేటుగా పిల్లల పేజీలో చేర్చడం. దీనికి కొత్త వంటవాడూ కొత్త సరుకూ అవసరం లేదు. ఆ తూకాల వివరాలను మీ జిల్లా పేజీలో పట్టణాల వారీగా ప్రచురిస్తే, దసరా సెలవులకు పిల్లలతో బయలుదేరే కుటుంబాలకు అవి పనికొస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ.