కుక్క బరువులో తరుగును ఎండ ఖాతాలో రాయకండి

సంపాదకులకు,

పెంపుడు జంతువుల వేసవి జాగ్రత్తల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. నీళ్లు, నీడ, మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపించవద్దనడం, అన్నీ సరిగ్గానే రాశారు. ఒక్క వాక్యం మాత్రం మింగుడు పడలేదు. ఎండలకు కుక్కలు చిక్కిపోవడం సహజమని, వానలు పడగానే కోలుకుంటాయని అందులో ఉంది. మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తాగా నా బతుకంతా కాటా పక్కనే గడిచింది. టిక్కీకి (మిర్చి బస్తాకు) కిలో తేడా వస్తే రైతు ఊరుకోడు, తరుగు ఎందుకు తీశావో చెప్పమని నిలదీస్తాడు. ఇంట్లో కుక్క మూడు కిలోలు తగ్గితే మాత్రం అడిగే నాథుడు ఉండడు.

రోహిణి కార్తెలో మనకే అన్నం సహించదు, కుక్కకూ అంతే. నాలుగు రోజులు తక్కువ తింటుంది, చల్లబడ్డాక మళ్లీ గిన్నె నాకుతుంది. కానీ ఒంటి బరువులో పదో వంతు పోయిందంటే దాన్ని ఎండ మీదికి నెట్టి కూర్చోకూడదు, పరీక్ష చేయించాల్సిందే. 30 కిలోల కుక్కకు అది 3 కిలోలు. 5 కిలోల పమేరియన్‌కైతే అర కిలోనే, ఆ బొచ్చు మాటున కంటికి ఆనదు కూడా.

మా సింగడు లాబ్రడార్. ఎప్పుడూ పెట్టే రంధ్రంలోనే పెట్టిన బెల్టు ఒకరోజు తల మీదుగా జారి చేతికి వచ్చేసింది. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటిగా తగిలాయి. ఇక సలహాలకేం కొదవ! ఎదురింటావిడ దిష్టి తీయమన్నారు. మా బావమరిది కోడిగుడ్లు పెట్టమన్నాడు. మందుల షాపులో లివర్ టానిక్ ఇచ్చారు. మొదట చూపించిన చోట కాటా ఎక్కించకుండానే "వయసు మీద పడుతోంది కదండీ" అని బలానికి మందు రాశారు. వాడికి నిండా ఆరేళ్లు లేవు.

రెండో చోట డాక్టరుగారు ముందు పెదవి పైకెత్తి చిగుళ్లు చూశారు. పాలిపోయి ఉన్నాయి. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినట్టు, ఎర్లీకియా సోకినట్టు తేలింది. గోమార్లు (కొన్ని ఊళ్లలో పిడుదులంటారు) కుట్టడం వల్ల వచ్చే జబ్బు అది. "ఒంటి మీద ఒక్క గోమారి కూడా లేదండీ" అన్నాను. ఉండనక్కర్లేదట. కుట్టిన కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు కూడా జబ్బు ముదిరి బయటపడుతుంది, అప్పటికి ఆ గోమారి ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమన్నారు, అదీ ఖాళీ కడుపున కాకుండా తిండితో. నాలుగు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, చాలామంది అక్కడే బిళ్లలు మానేస్తారని కూడా హెచ్చరించారు.

కుక్కకు మందు వేసినంత మాత్రాన గోమార్ల పని అయిపోదు. అవి ఎక్కువ కాలం బతికేది కుక్క మీద కాదు, మన ఇంట్లోనే. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. మా వరండాలో పూల కుండీల వెనక, తలుపు చట్రానికి గోడకు మధ్య ఉన్న సందులో వాటి పిల్లలు గోడ పైకి పాకుతూ కనిపించాయి. ఆ సందులన్నీ సిమెంటుతో పూడ్పించాం.

తిండి మానేసి చిక్కే కుక్కను ఎవరైనా డాక్టరుకు చూపిస్తారు. శుభ్రంగా తింటూ చిక్కిపోయే కుక్క విషయంలోనే అందరూ మోసపోతారు. మా వీధిలో ఒక ముసలి ఆడ పమేరియన్ గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగేది, ఇంట్లోనే మూత్రం పోసేది. ఆ తడికి చీమలు పట్టడం చూసి ఆ ఇంటి అమ్మమ్మగారే షుగర్ అని పోల్చారు. ఆవిడకూ ఉంది మరి. ఇప్పుడు ఇద్దరికీ ఇన్సులిన్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు ఇలాగే నీళ్లు ఎక్కువ తాగుతూ నీరసంగా పడి ఉంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. దానికి తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

విజయవాడ పటమటలో మా స్నేహితుడి జర్మన్ షెపర్డ్ కథ వేరు. రెండు కుక్కల తిండి తినేది, ఎముకల గూడులా ఉండేది. పురుగులనుకొని నులిపురుగుల మందు మీద మందు వేశాడు. లేత రంగులో, జిడ్డుగా, కుప్పలు కుప్పలుగా పడే దాని విరేచనాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. క్లోమ గ్రంథి జీర్ణరసాలు తయారు చేయకపోతే తిన్నది ఒంటబట్టదు, ఆ జాతిలో అది ఎక్కువ. రక్త పరీక్షలో తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి పూటా ఎంజైమ్ పొడి కలిపి పెడుతున్నాడు, జీవితాంతం కలపాలి.

పురుగులు అసలు కారణమే కావని కాదు. కుక్కపిల్లల్లో ముందు అనుమానించాల్సింది వాటినే. కొంకి పురుగులు పేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తాయి, విరేచనం నల్లగా తారులా అవుతుంది. అయితే మలం పరీక్ష చేయించి మందు వేయడం వేరు, ఊరికే వేస్తూ పోవడం వేరు.

కొన్ని ఇళ్లలో జబ్బే ఉండదు, తిండే చాలదు. పెరుగన్నం పెట్టి కడుపు నిండిందనుకుంటారు. గుమాస్తాను కాబట్టి లెక్క చెబుతాను. 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1,200 నుంచి 1,400 కేలరీలు కావాలి. 100 గ్రాముల అన్నంలో ఉండేవి 130. పూటకు పావు కిలో అన్నం, గరిటెడు పెరుగు చొప్పున రెండు పూటలా పెట్టినా 800 దాటవు. మాంసకృత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

వయసు మళ్లిన కుక్క గిన్నె దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి తిరిగితే నోరు తెరిచి చూడాలి. పుచ్చిన పన్నో, విరిగిన పన్నో కావచ్చు, మూత్రపిండాలూ కావచ్చు. మూత్రపిండాల పని నాలుగింట మూడు వంతులు పోయాక గానీ రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) పెరగదు, అందుకే మూత్ర పరీక్ష కూడా అడగాలి. దవడ కింద, మోకాలి వెనక గడ్డలు తగిలితే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పటిలా వీధుల్లో నీళ్లు నిలిస్తే ఎలుకల మూత్రం కలిసిన ఆ నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. అది మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మనుషులకూ వస్తుంది. కుక్కలకు ఏటా వేయించే టీకా ఉంది.

ఇంట్లో ఉన్న పారాసెటమాల్, డైక్లోఫెనాక్ బిళ్లలు మాత్రం దయచేసి వేయకండి. కారణం తేలని కేసులను గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లవచ్చు, విజయవాడకు దగ్గరే.

తూకానికి పెద్ద హంగామా అక్కర్లేదు. చిన్న కుక్కనైతే ఎత్తుకొని మిషన్ ఎక్కి, మన బరువు తీసేస్తే సరి. పెద్దదాన్ని పాత ఇనుప సామాన్ల కొట్టు కాటా మీద నిలబెట్టవచ్చు. (మా యార్డుకు మాత్రం తేవద్దు, మిర్చి ఘాటుకు తుమ్మి తుమ్మి చస్తుంది.) నెలకోసారి, అదే కాటా మీద, తిండికి ముందు తూచి గోడ క్యాలెండరులో రాసుకుంటే చాలు. కుక్కలకు వైద్యం చేసే ప్రతిచోటా నేలకు ఆనించి ఉండే కాటా ఒకటి పెట్టి, చీటీ మీద తేదీ పక్కనే బరువు రాయాలని పశుసంవర్ధక శాఖ ఆదేశిస్తే బాగుంటుంది. మీ పత్రిక ఈ మాట అధికారుల చెవిన వేయగలదు. వేసవి వ్యాసంలోని ఆ వాక్యానికి సవరణ కూడా అదే పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కమిషన్ కొట్టు గుమాస్తా,
పట్టాభిపురం, గుంటూరు