షరతుల కాగితం ఇవ్వకుండా వారంటీకి డబ్బు కట్టమనడంపై ఫిర్యాదు

వర్తూరు, బెంగళూరు

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

విషయం: ప్లగ్ ఇన్ హైబ్రిడ్ కారుకు ఎక్స్‌టెండెడ్ వారంటీ, ప్రీపెయిడ్ సర్వీసు ప్యాకేజీ షరతులు ముందుగా ఇవ్వకపోవడం, పాత ప్యాకేజీలో అదనంగా వసూలు చేసిన డబ్బు గురించి.

నమస్కారం.

మీ కంపెనీ ప్లగ్ ఇన్ హైబ్రిడ్ కారు (ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకుని కరెంటు మీదా, పెట్రోలు ఇంజన్ మీదా నడిచేది) మా ఇంటికి వచ్చి మూడేళ్ళు కావస్తోంది. కారుతో పాటు వచ్చిన మూడేళ్ళ వారంటీ త్వరలో ముగుస్తుంది. ఆలోగా ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలనీ, రాబోయే సంవత్సరాల సర్వీసు ప్యాకేజీకి కూడా ఇప్పుడే డబ్బు కట్టేయాలనీ మీ బెంగళూరు డీలరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. తీసుకోకూడదన్న పట్టుదల నాకేమీ లేదు. నిజానికి వారంటీ తీసుకోవాలనే ఉంది. కానీ డబ్బు దేనికి కడుతున్నానో చెప్పే కాగితం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. నా చేతిలో ఉన్నదల్లా వాట్సాప్‌లో వచ్చిన ఒక రేటు చీటీ, దాని అడుగున "షరతులు వర్తిస్తాయి" అన్న ఒక్క వాక్యం. ఆ షరతులేమిటని అడిగితే "పేమెంట్ అయ్యాక పాలసీ మీ మెయిల్‌కి వస్తుంది మేడమ్" అంటున్నారు. నా ఫిర్యాదు ప్రధానంగా దీని మీదే.

మీ దక్షిణాది ఆఫీసు నుంచి ఫోన్ చేసిన అధికారి తెలుగువారు. అంతా వివరంగా, వీలైతే తెలుగులోనే రాసి పంపమన్నది ఆయనే. అందుకే ఇలా రాస్తున్నాను.

నేను పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును. చార్జర్లు, ఇన్వర్టర్లు ఎందుకు పాడవుతాయో తేల్చడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ కారులో ఖర్చు ఎక్కడ పొంచి ఉందో నాకు తెలుసు. నా ప్రశ్నలకు డీలరు దగ్గర ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పడం నన్ను ఎక్కువగా బాధ పెట్టింది.

మొదట ఎనిమిదేళ్ళ మాట. కారు అమ్మేటప్పుడు "హైబ్రిడ్ సిస్టమ్ అంతటికీ ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉంది, దాని గురించి టెన్షన్ పడకండి" అన్నారు. వారంటీ పుస్తకం తిప్పి చూస్తే ఆ ఎనిమిదేళ్ళు హై వోల్టేజ్ బ్యాటరీకి మాత్రమే రాసి ఉన్నాయి. హైబ్రిడ్ సిస్టమ్ అంటే బ్యాటరీ ఒక్కటే కాదు కదా. ఇంట్లో ప్లగ్ నుంచి వచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి పంపే ఆన్ బోర్డ్ చార్జర్ ఉంది. బ్యాటరీ కరెంటుతో మోటారును నడిపే ఇన్వర్టర్ ఉంది. 12 వోల్టుల చిన్న బ్యాటరీని నింపే డీసీ డీసీ కన్వర్టర్ ఉంది. మోటారు, కరెంటుతో తిరిగే ఏసీ కంప్రెసర్, చార్జింగ్ పోర్టు, వీటన్నిటినీ కలిపే నారింజ రంగు కేబుళ్ళు ఉన్నాయి. మూడేళ్ళు దాటాక వీటిలో ఏది పోయినా బిల్లు నాదే. చాలా వరకు ఇవి విప్పి బాగుచేసే భాగాలు కావు, మొత్తం యూనిట్ మార్చాల్సిందే. నేను ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనేది ఇంజన్ కోసం కాదు, వీటి కోసం.

మరి ఇవన్నీ ఆ వారంటీలో ఉన్నాయా? సేల్స్ విభాగం "అన్నీ కవర్ అవుతాయి" అంది. సర్వీసు అడ్వైజర్ "ఎలక్ట్రికల్ పార్ట్స్ కవర్ అవుతాయి, చార్జర్ యాక్సెసరీ కిందికి వస్తుంది కాబట్టి కాదు" అన్నాడు. మీ కాల్ సెంటర్ "డీలర్‌నే అడగండి" అంది. గోడకు తగిలించే చార్జర్‌ను యాక్సెసరీ అంటే ఒప్పుకుంటాను. కారు లోపల బిగించి, కంపెనీ నుంచే వచ్చే ఆన్ బోర్డ్ చార్జర్‌ను యాక్సెసరీ అని ఎలా అంటారు? ఆ తేడా డీలరు మనుషులకే తెలియకపోతే రేపు నా క్లెయిమ్ చూసేవారికి తెలుస్తుందని ఏ ధైర్యంతో డబ్బు కట్టాలి?

ఇంకో మాట కూడా అన్నారు. చార్జర్ కవర్ అయినా, "వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల పోతే" క్లెయిమ్ ఇవ్వరట. ఈ షరతు నాకు చాలా ముఖ్యం. మేము రాత్రిపూట అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో 16 ఆంపియర్ల సాకెట్ నుంచి చార్జ్ చేస్తాం. కారు కొన్నప్పుడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ కొలిపించాను, విడిగా ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే దానంతటదే ఆపేసే స్విచ్) పెట్టించాను, ఆ రిపోర్టు దాచాను. అయినా చార్జర్ పోయిన రోజున మీ వర్క్‌షాప్ "వోల్టేజ్ సమస్య" అని ఒక్క ముక్క రాస్తే కాదని నేనెలా రుజువు చేయాలి? చార్జర్‌లోకి ఎంత వోల్టేజ్ వచ్చింది, ఎప్పుడు తప్పు నమోదయింది అన్న వివరాలు కారు కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ లాగ్ మీ చేతిలో ఉంటుంది, నా చేతిలో ఉండదు. కాబట్టి బయటి కారణం వల్ల పోయిందని మీరంటే, ఆ లాగ్ నకలు నాకిచ్చి మీరే చూపించాలి. షరతుల్లో ఆ మాట ఉందో లేదో చూడకుండా నేను సంతకం పెట్టలేను.

ఎనిమిదేళ్ళ బ్యాటరీ వారంటీలోనూ ఒక ఖాళీ ఉంది. బ్యాటరీ పూర్తిగా పనిచేయకపోతే మారుస్తామని ఉంది. కొత్తలో ఉన్న సామర్థ్యంలో ఎంత శాతానికి పడిపోతే దాన్ని లోపంగా ఒప్పుకుంటారో ఎక్కడా లేదు. పూర్తి ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీ ఉంటుంది, ఊళ్ళో రోజూ తిరిగినా అందులో కొంత భాగమే ఖర్చవుతుంది. ప్లగ్ ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ చిన్నది. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్ళి వచ్చేసరికి దాదాపు ఖాళీ అవుతుంది, రాత్రికి మళ్ళీ నిండుతుంది. అంటే ఎనిమిదేళ్ళలో అది నిండి ఖాళీ అయ్యే సైకిళ్ళు పెద్ద బ్యాటరీ కంటే చాలా ఎక్కువ. కరెంటు మీద వెళ్ళే దూరం సగానికి పడిపోయిందనుకోండి, కారు నడుస్తూనే ఉంటుంది, ఇంజన్ ఉంది కదా. అప్పుడు "బండి నడుస్తోంది, లోపం లేదు" అంటారా? కరెంటు మీద నడుస్తుందనే కదా అంత ధర పెట్టి ఈ కారు కొన్నది. ఆ శాతం ఎంతో రాసివ్వండి.

ఇక ప్రీపెయిడ్ సర్వీసు సంగతి. దీనిలో నాకు ఇప్పటికే అనుభవం ఉంది, అదేమంత మంచి అనుభవం కాదు. కారు తీసుకున్న రోజే మూడేళ్ళ ప్యాకేజీ బిల్లులో కలిపి వచ్చింది. ఇచ్చిన కరపత్రంలో "ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, ఫ్లూయిడ్లు" అని ఉంది. రెండో ఏడాది సర్వీసులో బ్రేక్ ఫ్లూయిడ్ మార్చి, దానికి విడిగా నాలుగు వేలకు పైగా వసూలు చేశారు. ఇదేమిటంటే "ప్యాకేజీలో ఫ్లూయిడ్లు అంటే తగ్గినంత పోయడం, మార్చడం కాదు" అన్నారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలని మీ సర్వీసు షెడ్యూలే చెబుతోంది. షెడ్యూలులో ఉన్న పని షెడ్యూలు ప్రకారం ఇచ్చే ప్యాకేజీలో లేకపోతే ఆ ప్యాకేజీ దేనికి? ఆ డబ్బు నాకు తిరిగి ఇవ్వాలి. బిల్లు, కరపత్రం నకళ్ళు ఈ లేఖకు జత చేశాను.

ఆ సర్వీసు అడ్వైజర్ అబ్బాయి మీద నాకు కోపం లేదు. కంపెనీ ఏం చెప్పమంటే అదే చెప్పాడు. దయచేసి ఈ ఫిర్యాదు అతని ఇన్సెంటివ్ మీద పడనీయకండి.

ఇప్పుడు అమ్ముతున్న కొత్త ప్యాకేజీ జాబితాను మీ పెట్రోలు మోడల్ జాబితా పక్కన పెట్టి చూశాను. పైన పేరు తప్ప తేడా ఏమీ కనిపించలేదు. ఏడాదికోసారి ఇంజన్ ఆయిల్ మార్చడాన్ని నేను తప్పుపట్టను. ఇంజన్ తక్కువ తిరిగినంత మాత్రాన ఆయిల్ బాగుంటుందని కాదు. అప్పుడప్పుడు కొద్ది నిమిషాలు తిరిగి ఆగిపోయే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, తేమా పెట్రోలూ ఆయిల్‌లో కలుస్తాయి. అది సరే. కానీ స్పార్క్ ప్లగ్గులు, ఇంజన్ ఎయిర్ ఫిల్టర్? మా ఇంజన్ గట్టిగా పనిచేసేది పండగలకు, పెళ్ళిళ్ళకు 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు వైపు వెళ్ళినప్పుడే. బ్రేక్ ప్యాడ్లు? వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది కాబట్టి ప్యాడ్లు పెట్రోలు కారులో అరిగినంతగా అరగవు. వాటికీ అదే లెక్కన ముందే డబ్బు తీసుకుంటున్నారు. ఇలాంటి కారుకు నిజంగా కావలసినవేమో జాబితాలో లేవు. తక్కువ వాడకం వల్ల బ్రేక్ డిస్కులకు పట్టే తుప్పును చూసి శుభ్రం చేయడం లేదు. బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ లేదు. చార్జింగ్ పోర్టు పిన్నుల పరీక్ష లేదు. 12 వోల్టుల బ్యాటరీ పరీక్ష కూడా లేదు. పెద్ద బ్యాటరీ నిండా చార్జ్ ఉన్నా ఈ చిన్నది చచ్చిపోతే కారు అసలు మేల్కోదని మీకు నేను చెప్పాలా?

పైగా ప్యాకేజీ "ఏది ముందైతే అది" పద్ధతిలో ముగుస్తుంది. బెంగళూరులో ట్రాఫిక్ వల్ల గంటలు గడుస్తాయి గానీ కిలోమీటర్లు గడవవు. సంవత్సరాలు తీరిపోతాయి, డబ్బు కట్టిన కిలోమీటర్లు మిగిలిపోతాయి. మిగిలినదానికి తిరిగి చెల్లింపు ఉందా, కారు అమ్మితే కొత్త యజమానికి బదిలీ అవుతుందా, మధ్యలో రద్దు చేసుకుంటే ఎంత వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళుతోంది? డీలరుకా, మీ కంపెనీకా, ఏదైనా బీమా సంస్థకా? జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఉన్న కార్లకు సర్వీసు కొనసాగిస్తామని ఆ రెండు కంపెనీలూ చెప్పాయి. కానీ డీలరు మూతపడితే అతనికి ముందుగా కట్టిన డబ్బుకు పూచీ ఎవరిది? మీదని రాసిస్తే నాకు చాలు.

చివరగా ఒత్తిడి గురించి. "నెలాఖరు దాటితే రేటు పెరుగుతుంది" అంటున్నారు. "రెండూ కలిపి తీసుకుంటేనే ఈ ధర" అంటున్నారు. బయట టైరో వైపరో మార్పించుకున్నా వారంటీ మొత్తం పోతుందని మా మామగారిని భయపెట్టారు. ఇది మాత్రం అస్సలు సరికాదు. భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్ళినంత మాత్రాన వారంటీ రద్దన్న గంపగుత్త షరతు పెట్టవద్దని ఆ ఉత్తర్వులోనే చెప్పింది. జరిమానాల మీద తర్వాత అప్పీళ్ళు నడిచిన మాట నిజమే గానీ, పెద్దాయనకు ఫోన్ చేసి ఇలా చెప్పడానికి అది సమాధానం కాదు. హై వోల్టేజ్ భాగాలను శిక్షణ లేనివారు ముట్టుకోకూడదని నాకు తెలుసు, వాటిని బయటికి పంపే ఉద్దేశం నాకు లేదు. వైపర్ బ్లేడుకు, ఇన్వర్టర్‌కు ఒకే నియమం ఎలా చెబుతారు?

ఈ లేఖ అందిన 15 రోజుల్లో మీరు చేయవలసినవి ఇవి. ఎక్స్‌టెండెడ్ వారంటీ పూర్తి షరతులు పంపండి. పైన రాసిన హై వోల్టేజ్ భాగాల్లో ఏవి ఉన్నాయో ఏవి లేవో పేరు పేరునా కంపెనీ తరఫున రాసివ్వండి, డీలరు మాటగా వద్దు. వారంటీకి, సర్వీసు ప్యాకేజీకి వేర్వేరు ధరలు ఇవ్వండి. ఇప్పుడు చెప్పిన రేటును, నేను ఆ కాగితాలు చదువుకోవడానికి తగిన సమయం వరకు మార్చకుండా ఉంచండి. ఈలోగా మూడేళ్ళ వారంటీ ముగిసిపోతే, ఆలస్యం మీ వల్ల జరిగింది కాబట్టి "గడువు దాటింది, కారు తనిఖీకి డబ్బు కట్టండి" అనకండి. బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బు తిరిగి నా ఖాతాలో వేయండి.

2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొనే వస్తువు, సేవల నాణ్యత, ప్రమాణం, ధర ముందుగా తెలుసుకోవడాన్ని హక్కుగా చెప్పింది. మీ నుంచి జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. అంతవరకు పోకుండా మీరే పరిష్కరిస్తారని ఆశిస్తున్నాను. కాగితాలు సరిగా ఉంటే వారంటీకి అదే రోజు డబ్బు కడతాను. సర్వీసు మాత్రం ప్యాకేజీ జాబితా ఈ కారుకు తగ్గట్టు మారేవరకు ఏడాదికేడాది మీ వర్క్‌షాప్‌లోనే విడిగా బిల్లు కట్టి చేయించుకుంటాను.

ఇట్లు,
కారు యజమానురాలు

జతపరిచినవి: రెండో ఏడాది సర్వీసు బిల్లు, ప్యాకేజీ కరపత్రం, వాట్సాప్ రేటు చీటీ, ఎర్తింగ్ పరీక్ష రిపోర్టు (అన్నీ నకళ్ళు)