గొల్లపల్లి మావయ్యకి, బేసు గిటారు గురించి

ఎర్లాంగెన్, జర్మనీ

మావయ్యకి నమస్కారాలు.

అత్తయ్య, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. మేమిక్కడ బాగున్నాం. విజయనగరం ఆర్కెస్ట్రా ఆయన మీ దగ్గరికి తెచ్చిన పాత బేసు గిటారు ఫోటోలు తమ్ముడు పంపాడు. వాళ్ల నాన్నగారు వాయించినదట కదా. వీణ పని మానేసి గిటారు పట్టుకోవాలా అని మీరు సందేహిస్తున్నారని అమ్మ చెప్పింది. తప్పకుండా పట్టుకోండి. దానికి కావలసిన చెయ్యి మీదే.

ఫిడేలు ఆకారంలో ఉన్న ఈ బేసు పుట్టింది మా పక్క ఊళ్లోనే. దీన్ని చేసిన హోఫ్నర్ అనే వాయిద్యాల కంపెనీ వాళ్లు 1887లో షోన్‌బాఖ్ అనే ఊళ్లో పని మొదలుపెట్టారు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి జర్మన్లను వెళ్లగొడితే, ఫిడేళ్లు చేసుకునే కుటుంబాలు చాలావరకు ఎర్లాంగెన్‌ని ఆనుకుని ఉన్న బూబెన్‌రాయిట్‌కి వచ్చి చేరాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వీణలు చేసే మన గొల్లపల్లే కళ్లముందు కనిపించింది. ఈ ఫిడేలు బేసుని 500/1 అనే మోడల్‌గా హోఫ్నర్ వాళ్లు 1956లో బయటికి తెచ్చారు. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ ఒకటి కొనుక్కున్నాక దానికి లోకమంతా పేరొచ్చింది. ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే వాయిద్యం తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదు. ఆ తర్వాత జపాన్‌లో నకళ్లు బోలెడు వచ్చాయి. మీ దగ్గరున్నది అలాంటి నకలే. అంతమాత్రాన తక్కువగా చూడకండి, అరవై ఏళ్ల నాటి చెక్క అది. కాకపోతే పార్టుల విషయంలో జాగ్రత్త పడాలి. హోఫ్నర్‌వి అని అమ్మే పార్టులు దానికి సరిపోతాయన్న నమ్మకం లేదు. పేరు చూసి కొనకూడదు, కొలిచి కొనాలి.

ముందు నట్ నుంచి, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీ నుంచి, పన్నెండో మెట్టు దాకా కొలవండి. పదిహేను అంగుళాలొస్తే మొత్తం తీగ 30 అంగుళాలు, అంటే షార్ట్ స్కేల్, పొట్టి తీగ రకం. మామూలు బేసుకి 34 ఉంటుంది. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో ఉంటుందని మీకు నేను చెప్పాలా!

అసలు పనంతా గుర్రం దగ్గరే ఉంది, అదే తీగలు ఆనే బ్రిడ్జి. వీణకి శ్రుతి తేడా వస్తే మీరు మైనం కరిగించి మెట్టునే జరుపుతారు. ఇక్కడ మెట్లు చెక్కలో దిగ్గొట్టేసి ఉంటాయి, కదలవు. కాబట్టి గుర్రాన్ని జరపాలి. దాన్ని ఎక్కడా అతికించరు, తీగల బిగువుకే నిలబడుతుంది. పన్నెండో మెట్టు మీద తీగకి వేలు ఊరికే ఆనించి మీటితే ఒక స్వరం వస్తుంది. అదే మెట్టు మీద నొక్కి మీటితే వచ్చే స్వరం దానితో కలవాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే గుర్రాన్ని తోక వైపు, తగ్గుగా ఉంటే మెడ వైపు వెంట్రుకవాసి జరపండి. దాని నెత్తిన గాళ్లు చెక్కి మెట్టు తీగ ముక్కలు పెట్టి ఉన్నాయి చూశారా, అవి ఒక్కో తీగకి విడిగా సరిచేసుకోడానికి. ఫోటోలో గుర్రం నిలువునా చీలింది. కొత్తది నేను కొని పంపను. మీరే రోజ్‌వుడ్‌తో చెక్కండి. అడుగుభాగం పైచెక్క వంపుకి ఎక్కడా సందు లేకుండా కూర్చోవాలి. చీలిన పాతదాన్ని పారెయ్యకుండా ఆ ఆర్కెస్ట్రా ఆయనకే ఇచ్చెయ్యండి.

తీగలు పంపుతున్నాను. ఇందులో చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. షార్ట్ స్కేల్ అని రాసుంటే చాలదు, ఎందుకంటే దీనికి తీగ గుర్రం దాటి వెనక తీగలు తగిలించే తోకదాకా వెళుతుంది. తోక దగ్గర తీగ చివరుండే గుండు నుంచి నట్ దాకా తమ్ముడు కొలిచి పంపిన పొడవు చూసే కొన్నాను. తీగ రెండో చివర పట్టుదారం చుట్టిన సన్నభాగం నట్ దాటాకే మొదలవ్వాలి. పొట్టిదైతే ఆ దారం మెట్ల మీదికి వచ్చేస్తుంది. 34 అంగుళాల తీగ తెచ్చి కత్తిరిస్తే లావు భాగం బిరడకి చుట్టుకుని చుట్టు విడిపోతుంది, స్వరం చచ్చిపోతుంది. చదును రేకు చుట్టిన రకమే తీసుకున్నాను. వేలికి నున్నగా ఉంటుంది, పాత మెట్లని అరగదియ్యదు. మార్చేటప్పుడు ఒక తీగ విప్పి, దాని స్థానంలో కొత్తది వేసి, అప్పుడు రెండోది విప్పండి. నాలుగూ ఒకేసారి విప్పితే గుర్రం పడిపోయి చోటు పోతుంది. గుర్రం చోటు గుర్తు కోసం రంగు మీద టేపు అంటించకండి, పాత పూత దానితో ఊడొస్తుంది.

మెడ వంగిందా లేదా చూడాలంటే మొదటి మెట్టు, చివరి మెట్టు రెండూ నొక్కి పట్టి నడుమ సందు చూడండి. విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే చాలు. ఎక్కువుంటే మెడ లోపలి ఇనుప కడ్డీని పావు తిప్పు తిప్పి మర్నాటిదాకా ఊరుకోండి. బిరడలు వదులైతే ముందు పళ్లచక్రం మీది చిన్న స్క్రూ బిగించండి. స్క్రూ పట్టు తప్పితే వెదురుపుల్ల జిగురుతో దిగ్గొట్టి మళ్లీ ఎక్కించండి. కొత్త బెజ్జం మాత్రం ఒక్కటీ వెయ్యొద్దు. ఇప్పుడు వేసింది ఎప్పటికీ పూడదు.

గుండీ తిప్పితే బరబర శబ్దం వస్తోందన్నారు కదా, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ బాగా తిప్పితే చాలావరకు పోతుంది. రెండో పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే భాగం) మూగదైపోయిందని తీగ చుట్టించడానికి ఇచ్చెయ్యకండి. చాలాసార్లు టంకం దగ్గర వైరు తెగడమే ఉంటుంది. తమ్ముణ్ణి మల్టీమీటరు పెట్టి చూసి, ఓమ్స్ ఎంతొచ్చిందో నాకు వాట్సాప్ చెయ్యమనండి. ఏమీ రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం. పార్సెల్‌లో అత్తయ్యకి ఉన్ని శాలువా కూడా పెట్టాను.

మీ మేనకోడలు