పారామెడికల్ సర్టిఫికెట్‌తో పారామెడిక్ కాలేరు

సంపాదకులకు నమస్కారం.

కాలేజీల్లో చేరికల కాలం రాగానే ‘పారామెడికల్ కోర్సు చేయండి, విదేశాల్లో పారామెడిక్‌గా స్థిరపడండి’ అనే ధోరణిలో ప్రకటనలు మొదలవుతాయి. నేను క్యాజువాలిటీలో ఇరవై ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ప్రకటనలోని రెండు మాటలూ ఒకటేననుకుని ఫీజు కట్టిన కుటుంబాల్లో మాది కూడా ఒకటి. మరొకరు అలా కట్టకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం పారామెడికల్ అంటే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవారు, డయాలిసిస్ టెక్నీషియన్, ఆపరేషన్ థియేటర్ సహాయకులు, ఇలా డాక్టరూ నర్సూ కాని అందరినీ ఒకే గొడుగు కిందకు తెస్తాం. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, కెనడాలో పారామెడిక్ అంటే మాత్రం ఒకే ఒక్క వృత్తి. అంబులెన్సులో వచ్చి, రోగి పడి ఉన్న చోటే చికిత్స మొదలుపెట్టే మనిషి. స్ట్రెచర్ పట్టుకోవడం ఆ పనిలో చిన్న భాగం. ఛాతీలో నొప్పి అన్నవారికి పన్నెండు లీడ్ల ఈసీజీ తీసి, దాన్ని తానే చదివి, గుండెపోటని అనుమానం బలపడితే దగ్గరి ఆసుపత్రిని దాటి యాంజియోప్లాస్టీ చేసే చోటికి తీసుకువెళ్లాలా అన్నది ఆ మనిషే తేల్చాలి. గుండె ఆగినవారికి షాక్ ఇవ్వాలి, ఎడ్రినలిన్ ఎక్కించాలి. నరం దొరక్కపోతే ఎముకలోకి సూది దించాలి. పక్కన డాక్టరు ఉండరు. బ్రిటన్‌లోనైతే 2018 నుంచి అదనపు శిక్షణ పొందిన అనుభవజ్ఞులైన పారామెడిక్‌లకు సొంతంగా మందులు రాసే అధికారం కూడా ఇచ్చారు. క్యాజువాలిటీలో అన్నేళ్లు పనిచేసిన నాకు ఏనాడూ లేని అధికారం అది.

ఇంత బాధ్యత అప్పగించేటప్పుడు ఆ పేరును ఎవరు పడితే వారు పెట్టుకోనివ్వరు కదా. బ్రిటన్‌లో ‘పారామెడిక్’ అన్నది చట్టం కాపాడే హోదా. ఆరోగ్య, సంరక్షణ వృత్తుల మండలి, అంటే హెచ్‌సీపీసీ, నడిపే రిజిస్టరులో పేరు లేకుండా ఆ మాట చెప్పుకోవడం నేరం. 2021 సెప్టెంబరు నుంచి ఆ మండలి గుర్తించే శిక్షణకు ఆనర్స్ డిగ్రీయే కనీస స్థాయి. విదేశాల్లో చదివినవారికి వేరే దారి ఉంది. అక్కడ డిగ్రీ పేరు ఒక్కటే చూసి వదిలేయరు. ఆ చదువులో ఏమి నేర్పారు, అది తమ ప్రమాణాలకు సరితూగుతుందా అని అంశం తరవాత అంశం పరిశీలిస్తారు. మా ఇంట్లో దెబ్బ తిన్నది సరిగ్గా ఇక్కడే.

మా అక్క కొడుకు ఎమర్జెన్సీ టెక్నీషియన్ అన్న పేరుతో రెండేళ్ల డిప్లొమా చేశాడు. చేర్చుకునేటప్పుడు కాలేజీవారు విదేశీ ఉద్యోగాల గురించి గొప్పగానే చెప్పారు. చదువు పూర్తయ్యాక ఒకరోజు హెచ్‌సీపీసీ దరఖాస్తు నింపుతూ సాయం చేయమని పిలిస్తే పక్కన కూర్చున్నాను. కాలేజీయే నింపి, సంతకం పెట్టి ఇవ్వాల్సిన పత్రం ఒకటి అందులో ఉంది. ఏ పాఠ్యాంశం ఎంత చెప్పారు, క్లినికల్ శిక్షణ ఎక్కడ ఇచ్చారు, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అన్న వివరాలు రాయాలి. వాడి దగ్గర ఉన్నవి మార్కుల మెమో, ఒక పాస్ సర్టిఫికెట్. కాలేజీకి రెండుసార్లు వెళ్లి అడిగితే, ‘ఇలాంటివి మేం ఇవ్వం, మెమో చాలు’ అన్నారు.

సరే, లెక్క మనమే వేసి చూద్దాం అన్నాను. వాడి పాత డైరీ తీసి పేజీ పేజీ తిప్పాం. రెండేళ్లలో అంబులెన్సు ఎక్కింది పదకొండు రోజులు. మిగిలిన రోజుల్లో వార్డులో బీపీలు చూశాడు, సెలైన్ సీసాలు మార్చాడు, కేస్ షీట్లు మోశాడు. గొంతులో ట్యూబు వేయడం బొమ్మ మీద రెండుసార్లు చేశాడు, మనిషికి ఒక్కసారీ చేయలేదు. ప్రసవం దగ్గర నిలబడనే లేదు. ఒక తెల్లకాగితం మీద అంబులెన్సు గంటలు అని రాసి, ఎదురుగా అంకె వేయబోయి పెన్ను ఆపేశాడు. ‘పిన్నీ, రాత్రి డ్యూటీలు కూడా కలిపితే?’ అని అడిగాడు. అవి కలిపాకే పదకొండు రోజులు అయ్యాయని నేనే చెప్పాల్సి వచ్చింది.

తెలివి తక్కువ పిల్లవాడు కాదు. నేర్పి ఉంటే నేర్చుకునేవాడు.

బయటి దేశాల్లో ఆ గంటల అంకె ఎంత ఉంటుందో చూడండి. జర్మనీలో 2014లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అక్కడి పారామెడిక్, అంటే ‘నోట్‌ఫాల్ సానిటేటర్’, శిక్షణ మూడేళ్లు. మొత్తం 4,600 గంటలు. అందులో 1,920 గంటలు పాఠశాలలో, 1,960 గంటలు అంబులెన్సు కేంద్రంలో, 720 గంటలు ఆసుపత్రిలో. అంటే తరగతి గదిలోకన్నా అంబులెన్సు కేంద్రంలోనే ఎక్కువ. ఆ మూడేళ్లూ భృతి కూడా ఇస్తారు. జర్మన్ భాష బాగా రాకపోతే మాత్రం అటువైపు చూడటం కూడా దండగే. నొప్పితో అరుస్తున్న మనిషి ఏమంటున్నాడో అర్థం కాకపోతే ఇక చేసేదేముంటుంది? దక్షిణాఫ్రికాలో ఈ రంగంలో పై స్థాయి చదువు నాలుగేళ్ల డిగ్రీ.

ఆస్ట్రేలియాలో 2018 డిసెంబరు 1 నుంచి పారామెడిక్‌లకు దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్ వచ్చింది. మామూలుగా అక్కడ మూడేళ్ల డిగ్రీ చేస్తారు. కెనడాలో ఏ ప్రావిన్సు నిబంధనలు దానివే. ఆంటారియోలో రెండేళ్ల కాలేజీ డిప్లొమా తరవాత ప్రావిన్సు పరీక్ష రాయాలి, అంబులెన్సు నడపడానికి క్లాస్ ఎఫ్ డ్రైవింగ్ లైసెన్సూ సంపాదించాలి. ఈ డ్రైవింగ్ సంగతి ఏ ప్రకటనలోనూ కనపడదు. బ్రిటన్‌లోనూ అనేక అంబులెన్సు సంస్థలు పెద్ద వాహనాలకిచ్చే సీ1 లైసెన్సు అడుగుతాయి. స్టీరింగ్ పట్టుకోని పిల్లలు లక్షలు ఖర్చుపెట్టి కూర్చున్నాక ఆ విషయం తెలుస్తుంది. ఇంగ్లీషు పరీక్ష సంగతీ అంతే. హెచ్‌సీపీసీకి ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7 రావాలి, ఏ ఒక్క భాగంలోనూ 6.5కు తగ్గకూడదు.

అమెరికాలో మెట్లున్నాయి. ముందు ఈఎంటీ, అంటే అంబులెన్సులో కింది స్థాయి ఎమర్జెన్సీ టెక్నీషియన్, కావాలి, ఆ తరవాతే పారామెడిక్ కోర్సు. అది వెయ్యి గంటలు దాటుతుంది. గుర్తింపు పొందిన కోర్సులో చదివితేనే జాతీయ రిజిస్ట్రీ పరీక్షకు కూర్చోనిస్తారు. దాని మీద పనిచేసే రాష్ట్రం లైసెన్సు వేరు. ఇక గల్ఫ్. అక్కడికి సులువుగా పోవచ్చని ఎక్కువమంది నమ్మకం. చాలా గల్ఫ్ దేశాల్లో మన కాగితాలను డేటాఫ్లో లాంటి సంస్థల ద్వారా, వాటిని ఇచ్చిన కాలేజీకే నేరుగా రాసి నిజమో కాదో తేల్చుకుంటారు. ఉత్తరానికి జవాబివ్వని కాలేజీ అయితే పిల్లవాడి ఫైలు అక్కడే ఆగిపోతుంది.

మధ్యలో ఏజెంట్లు. బ్రిటన్ ఉద్యోగం చూపిస్తామని మా అక్క దగ్గర కూడా ఒకరు అడ్వాన్సు అడిగారు. ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం అక్కడి 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం ప్రకారం నిషిద్ధం. రిజిస్ట్రేషన్ రుసుము, పరీక్ష రుసుము, వీసా ఖర్చు ఉంటాయి, వాటికి అధికారిక రసీదులు వస్తాయి. ‘ప్లేస్‌మెంట్ ఫీజు’ అన్న మాట వినపడగానే లేచి వచ్చేయాలి. మా అక్క లేచి వచ్చేసింది, అదొక్కటి మాకు కలిసొచ్చింది.

మన దేశంలోనూ చట్టం లేక కాదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు కూడా ఒక వృత్తిగా ఉంది. రెండు నుంచి నాలుగేళ్ల చదువుకు రెండు వేల గంటలకు తగ్గకూడదని, అంతకన్నా పై స్థాయివారికి 3,600 గంటలకు తగ్గకూడదని ఆ చట్టమే చెబుతోంది. గంటల లెక్క చట్టంలో ఉన్నప్పుడు సర్టిఫికెట్ మీద ఎందుకు ఉండదు? నేను కోరేది ఇదే. ఈ కోర్సులు నడిపే ప్రతి కాలేజీ చదువు ముగిసే రోజున ఒక శిక్షణ పుస్తకం చేతికివ్వాలి. అంబులెన్సులో ఎన్ని గంటలు, ఐసీయూలో ఎన్ని, లేబర్ రూములో ఎన్ని, ఏ ప్రక్రియ ఎన్నిసార్లు స్వయంగా చేశారు, పక్కన నిలబడి సంతకం చేసింది ఎవరు అన్నది అందులో ఉండాలి. మా నర్సింగ్ చదువులో అలాంటి పుస్తకం ఉండేది. ప్రసవాల పేజీ నిండందే పరీక్షకు పంపేవారు కాదు. అప్పట్లో విసుక్కున్నాం గానీ, ఆ పేజీ నిండబట్టే మొదటి నైట్ డ్యూటీలో నా చేతులు వణకలేదు.

తల్లిదండ్రులు కూడా ఫీజు కట్టే ముందు కాలేజీని రెండు ప్రశ్నలు అడగండి. మీ దగ్గర చదివినవారిలో ఫలానా దేశపు రిజిస్టరులో పేరున్నవారు ఎవరైనా ఉన్నారా? మండలి పంపే పత్రం నింపి ఇస్తామని రాతపూర్వకంగా చెబుతారా? హెచ్‌సీపీసీ రిజిస్టరును ఎవరైనా ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

మీకూ ఒక విన్నపం. విదేశీ పారామెడిక్ ఉద్యోగాలంటూ వచ్చే ప్రకటన అచ్చువేసే ముందు, ఆ కోర్సు ఏ దేశంలోని ఏ మండలి రిజిస్ట్రేషన్‌కు పనికివస్తుందో ఒక్క వాక్యం రాసిమ్మని ప్రకటనదారును అడగండి. మా అక్క కొడుకు ఈ ఏడాది డిగ్రీలో మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చేరాడు. చేరే ముందు శిక్షణ పుస్తకం నమూనా చూపించమని వాడే అడిగాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు